గొబ్బి మొలిచిన చోటు

ఆ ఏడు మా వదిన మట్టి తట్ట ఎత్తకూడదు. ఇంట్లో ఈ మాట పైకి అన్నవాళ్ళు లేరు. కాని పొద్దున లేచింది మొదలు అందరి మనసులోనూ అదే.

కిందటి ఎండాకాలం అన్న మద్దిలేటి, వదిన జములమ్మ ఇద్దరూ కురుమయ్య మేస్త్రి గుంపుతో రాయచూరు అవతల కట్ట పనికి పోయారు. పోయేటప్పుడు వదిన ఒట్టి మనిషి కాదు. మూడు నెలలకు తిరిగి వచ్చేటప్పటికి ఒట్టి మనిషే. ఏమైందని మేమెవరం అడగలేదు. అన్న మాత్రం ఆమె మోసిన తట్టను తెచ్చి పశువుల కొట్టంలో బోర్లా వేశాడు. ఏడాదంతా అది అట్లనే ఉంది. దాని కింద దూరి కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు వదినకు మళ్ళీ ఐదో నెల.

మాది ఇటిక్యాల దగ్గర మెట్టపల్లె. యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ ఏడు వానలు రెండే రెండుసార్లు పడి ఊరుకున్నాయి. జొన్న కంకి తీయకముందే చేలు ఎండిపోయాయి. ఉగాది దాటిన గురువారం బండ్లు కట్టుకొని వస్తానని మేస్త్రి కబురు చేశాడు.

"వదిన ఇంట్లనే ఉండనియ్యి. అన్నకు జతగా నేను పోత" అన్నాను ఒకనాడు.

అన్న నా చేతులు చూసి నవ్వాడు. "మేస్త్రికి జోడి కావాలె తమ్మీ. మొగోడు తవ్వాలె, ఆడది మొయ్యాలె. ఇద్దరు మొగోళ్ళ జోడి గుంపుల ఉండదు. అయినా బియ్యే చదివినోడు తట్ట మోస్తే ఊరు మన మీద ఉమ్మదా?"

నేను బి.ఏ. ప్యాసై ఎనిమిది నెలలయింది. మా వంశంలో వేలిముద్ర వెయ్యనివాణ్ణి నేనొక్కణ్ణే. నౌకరీ కోసం వనపర్తికి, నాగర్‌కర్నూలుకు అర్జీలు పెట్టుకొని కూర్చున్నాను. ఊళ్ళో నా పేరు పోయి 'బియ్యే' మిగిలింది. పిల్లలు కూడా "ఓ బియ్యే మామా" అనే పిలిచేవాళ్ళు.

మేస్త్రి బండ్లు ఆగాలంటే దారి ఒక్కటే. చేనులో నీళ్ళు పడాలి. బావి ఉంటే ఎండాకాలం రెండెకరాలు తైదలు వేసుకోవచ్చు, ఇంటిల్లిపాదీ ఊళ్ళోనే ఉండిపోవచ్చు. మా నాయిన బుచ్చన్న నాలుగు రోజులు ఆలోచించి మా పాడిబర్రెను వడ్డె తిరుపతయ్యకు తోలించాడు. బర్రెకు బదులు తిరుపతయ్య మనుషులు మనిషి నిలువుతో పది నిలువుల లోతు బావి తవ్వాలి. ఉగాది లోపల పని కావాలి. అదీ మాట. ఆ బర్రె తప్ప ఇవ్వడానికి మాకు ఇంకేమీ లేదు గనుక, తవ్వేది ఒక్క బావే.

"టెంకాయ పట్టుకొని నీళ్ళు చూసేటాయన ఉన్నడు పటేలా, పిలిపిద్దమా?" అని తిరుపతయ్య అడిగాడు.

"నా కొడుకు పదారేండ్లు చదివిండు" అన్నాడు నాయిన. "టెంకాయ తిప్పెటోడు నాకెందుకు? చిన్నోడా, చేను చూడు. ఏడ తవ్వాల్నో నువ్వే చెప్పు."

నేను చదివింది చరిత్ర. ఆ సంగతి నాయినకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. నాయిన ముఖం చూసి ఊరుకున్నాను.

మూడు రోజులు చేనంతా తిరిగాను. శివరాత్రి ఇంకా రాలేదు గాని ఎండ అప్పుడే గట్టిగా ఉంది. ఎక్కడ చూసినా నెర్రెలు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, చేను అంచునే ఉన్న మా ఇంటి వెనక చొప్పవామి దాటి పోయాను. మా ఇంటి మగవాళ్ళం మామూలుగా అటు పోము. చిన్నప్పటి నుంచీ అంతే. ఎందుకని నేనెప్పుడూ అనుకోలేదు.

వామి వెనక పల్లంలో ఐదు మొక్కలు పచ్చగా నిలబడి ఉన్నాయి. నీరుగొబ్బి. తొడెత్తు కాడలు, పొడుగాటి ఆకులు, కణుపు కణుపుకూ చుట్టూ ఆరు ముళ్ళు, ఆ ముళ్ళ మధ్య వంగపువ్వు రంగు పూలు. వాగు ఒడ్డున, కుంట అంచున తప్ప గొబ్బి కనబడదు. చుట్టూ భూమి పెంకులా ఎండిపోయిన చోట అది పూసి ఉంది. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితుడు విజ్ఞాన శాస్త్రం చదివేవాడు. కొన్ని మొక్కలు నీటి జాడ లేనిచోట బతకవని వాడి పుస్తకంలో ఒకసారి చదివాను. ఆ పుట కూడా నాకు గుర్తొచ్చింది. వెంటనే ఇంట్లోకి ఉరికాను.

"నాయినా, దొరికింది."

నాయిన వచ్చి చూశాడు. ముల్లు తగలకుండా ఒక పువ్వు తెంపి తిరుపతయ్య చేతిలో పెట్టాడు. "చూసినవా? ఇది నీళ్ళ మీద పుట్టే చెట్టు. ఇంత కరువుల ఈడెట్ల పూసింది? కింద నీళ్ళున్నయి గన్కనే. గిది చదువంటే."

తిరుపతయ్య పువ్వును చూశాడు, నన్ను చూశాడు. "మీరు చెప్తే అంతే చిన్న పటేలా" అన్నాడు.

అప్పుడే ఇంటి వెనక తలుపు చాటు నుంచి వదిన గొంతు వినబడింది. ఆమె నాయిన ఎదుట ఎన్నడూ మాట్లాడేది కాదు. "ఆడ వద్దనుండ్రి. పాములుంటయి" అంది, ఎవరితో అంటున్నదో తెలియకుండా.

"పాములుంటే మరీ మంచిది" అన్నాడు నాయిన. "సల్లదనం లేంది పాము ఉండదు."

ఇదీ ఇంకో రుజువే అనిపించింది నాకు. అమ్మ అప్పుడు ఇంట్లో లేదు. అయిజలో అక్క పురిటికి పోయి రెండు నెలలయింది. అమ్మ ఉంటే ఈ కథే లేదు.

*

తిరుపతయ్య పనిలో ఒక పద్ధతి ఉండేది. ఒక్కొక్క నిలువు లోతుకూ కింద నుంచి వచ్చిన మట్టిలో గుప్పెడు తీసి, లడ్డులా చుట్టి, గట్టు మీద వరుసగా పెట్టేవాడు. పొడిమట్టి అయితే ఇన్ని నీళ్ళు చిలకరించి చుట్టేవాడు. బావి ఇంటాయన ఎప్పుడొచ్చినా ఆ వరుస చూస్తే కింద ఏమేమి పొరలున్నాయో తెలుస్తుంది.

మొదటి ముద్ద నల్లగా, చల్లగా, నీళ్ళు కలపకుండానే వచ్చింది. నాయిన దాన్ని చేతిలో పట్టుకొని వచ్చినవాళ్ళకంతా చూపించాడు. "మొదటి నిలువుకే తడి! ముట్టి చూడుండ్రి." ఊరివాళ్ళు ముట్టి చూసి నా వైపు చూసేవాళ్ళు. ఆ నాలుగు రోజులూ నేను కొంచెం ఎత్తుగా నడిచాననే అనుకుంటున్నాను.

రెండో ముద్ద ఎర్రటి దుమ్ము. మూడోది మొరం. నాలుగోది తెల్లటి సుద్ద. ఐదోది బూడిద లాంటిది, ఎన్ని నీళ్ళు చిలకరించినా ముద్ద కట్టలేదు, గట్టు మీద కుప్ప పోశారు.

"బండ పొర దాటినంక ఉంటయి" అన్నాను నేను.

"ఉంటయి" అన్నాడు నాయిన. ఆయన అప్పటికి మూడు రోజులుగా రెండో పూట తినడం లేదు.

దారిన పోతూ పక్క చేను నబీ సాబ్ గట్టు మీద ఆగి అరిచాడు. "ఏం అల్లుడా, నీ బియ్యే బావిల నీళ్ళు పడ్డయా, దుమ్ము పడ్డదా?"

ఆయనది ఎగతాళే గాని చెడ్డది కాదు. మా అమ్మను అక్క అంటాడు, అందుకే నేను అల్లుణ్ణి. కాని నాయినకు కోపమొచ్చి ముఖం తిప్పుకున్నాడు. దానికి పాత కారణం ఒకటుంది. రెండేళ్ళ కింద నబీ సాబే వచ్చి, "బుచ్చన్నా, మన గట్టు మీద ఇద్దరం కల్సి ఒక బావి తవ్వుకుందం" అని అడిగాడు. "ఇద్దరి బావిల నీళ్ళకన్న లడాయి ఎక్కువుంటది" అని నాయిన నలుగురిలో అనేశాడు.

ఆ మధ్యాహ్నం మనుషులంతా గట్క తాగడానికి పోయారు. నేనొక్కణ్ణే గట్టు మీద ముద్దల వరుస ముందు కూర్చున్నాను. మొదటి ముద్ద ఎండి నడిమికి పగిలింది. ఆ పగులులో ఏదో నల్లగా మెరిసింది. గోటితో లాగాను.

కుంకుడు తొక్క.

ముద్దను రెండుగా విరిచాను. ఇంకో రెండు తొక్కలు, నానిపోయి తోలులా ఉన్నాయి. మా చేనులో కుంకుడు చెట్టు లేదు. చుట్టుపక్కల రెండు కోసుల్లోనూ లేదు. పక్కనే తిరుపతయ్య గడ్డపార సాన పట్టే చదును రాయి ఉంది. తవ్వకం మొదలైన రోజు వామి పక్క నుంచి దాన్ని దొర్లించుకు వచ్చారు. వంగి చూశాను. ఒక పక్క పాదాలు రుద్ది రుద్ది నున్నగా అయింది. రాతి సందుల్లో పసుపు ఇంకా పోలేదు.

ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి. మా ఇంటి ఆడవాళ్ళు ఎక్కడ స్నానం చేస్తారో నాకు తెలియదు. నాయినకు తెలియదు. తెలియకపోవడమే మర్యాద అని పెరిగాం.

*

వదిన విసుర్రాయి ముందు ఉంది. నా చేతిలోని తొక్కలు చూడగానే తిప్పడం ఆపింది.

"తెల్సిందా?" అంది.

"ముందే చెప్పాలె గద వదినా!"

"ఎట్ల చెప్పాలె? నేను తానం చేసే జాగ అది, ఆడ బావి తవ్వకుండ్రి అని మామ ముందట నిలవడి చెప్పాల్నా? ఆడ నలుగురు వడ్డెరోళ్ళున్నరు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పాములున్నయన్న. అంతకంటె ఏం చెప్పొస్తది నాకు?"

"అన్నకన్న చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఆ రాత్రే చెప్పిన. 'వాడు బియ్యే చదివిండు, నీ తానం నీళ్ళకు, భూమిల నీళ్ళకు తేడా తెల్వదా వానికి' అన్నడు మీ అన్న."

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. వదిన నా వైపు చూసి, ఏమనుకుందో, నోరు కొంగుతో మూసుకుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు. రెండూ అయి ఉండవచ్చు.

"వానలప్పుడు గొబ్బి అంతట మొలుస్తది మరిదీ. బర్ల కాళ్ళకు అంటుకొని ఇత్తులు వస్తయి. తడి ఆరంగనే ఎండిపోతది. నేను రోజు రెండు కడవలు పోసుకుంట గన్క ఆ ఐదు చెట్లు బతికినయి. ఎవరు నీళ్ళు పొయ్యని గొబ్బి ఏడుందో చూడాలె గని..."

"ఉన్నదా అట్లాంటిది?"

"లేకేం. నబీ సాబ్ గట్టు అవతల పల్లంల. పోయినేడు కరువులగూడ పచ్చగనే ఉండె. మొన్న కూరకు చిగుర్లు ఆడికెళ్ళే తెచ్చిన. నువ్వు తిన్నవు. బాగుందన్నవు."

విసుర్రాయి మళ్ళీ తిరగడం మొదలైంది. కొంచెం సేపటికి ఆమే, తలెత్తకుండా అంది. "ఈసారి తట్ట ఎత్తితె నేను బతకనేమో అనిపిస్తది మరిదీ. మీ అన్నకు చెప్పకు."

*

నాయిన దగ్గరికి పోవడానికి మా ఇంటి నుంచి బావి గట్టుకు యాభై అడుగులు. అంత దూరం నేనెన్నడూ నడవలేదు.

"నాయినా, నేను తప్పు చెప్పిన. ఇక్కడ నీళ్ళు లేవు."

గడ్డపారల చప్పుడు ఆగింది. అన్న గుంతలో నుంచి తల పైకెత్తి చూశాడు.

"ఎట్ల తప్పింది?" అన్నాడు నాయిన.

"తప్పింది. పై తడి చూసి కింది తడి అనుకున్న."

"పై తడి ఏడికెళ్ళి వచ్చింది?"

నాయిన నన్ను చూశాడు. తర్వాత చొప్పవామి వైపు చూశాడు. తర్వాత ఆ చదును రాయిని చూశాడు. చూసి, రుమాల తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

తిరుపతయ్య మాత్రం నిట్టూర్చి గడ్డపార పక్కన పెట్టాడు. "మొదటి రోజే మాకు అనుమానమొచ్చింది పటేలా. జానెడు తడి, దాని కింద ఒట్టి దుమ్ము. భూమిల నీళ్ళు గట్ల ఉండవు."

"మరి చెప్పవైతివి?" అన్నాడు నాయిన.

"చదువుకున్నోడు చెప్పిండు గద, మాకు తెల్వంది ఏదో ఉంటది అనుకున్నం."

మా ఇంట్లో అన్న అనుకున్నదీ అదే. గుంతలో ఉన్న వడ్డెరలు అనుకున్నదీ అదే. అందరూ నన్ను నమ్మి ఊరుకున్నారు.

"పది నిలువులకు మాట. ఐదు ఈడ తవ్వినం, ఇంక ఐదున్నయి" అన్నాడు తిరుపతయ్య. "బర్రె తీస్కున్న మనిషిని, మాట తప్ప. ఏడ తవ్వమంటే ఆడ తవ్వుత. కాకపోతే ఉగాది అయిన మూడు రోజులకు నేనుగూడ పోవాలె. పది రోజులున్నయి."

*

ఆ సాయంత్రమే నబీ సాబ్ ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో మేకకు ఆకు వేస్తున్నాడు. నేను చెప్పినదంతా విన్నాడు, వదిన సంగతి తప్ప. అది నేను చెప్పలేదు.

"గొబ్బి ఉన్న కాడ నీళ్ళున్నయని నేను రెండేండ్ల కిందనే చెప్పిన గద అల్లుడా" అన్నాడు. "నేను బియ్యే చదవలే, గందుకె ఎవరు ఇనలే."

"తప్పు మాదే మామా. ఇప్పుడు ఒప్పుకుంటవా?"

"నేనొప్పుకుంట. కని మీ నాయిన రావాలె. నువ్వు రేపో మాపో నౌకరీ మీద పోతవు. ఆ బావి కాడ ముసలితనం దాక నిలవడేది మేమిద్దరం."

లోపలి నుంచి ఆయన భార్య తాజ్‌బీ అరిచింది. "గొబ్బి పీకేటప్పుడు నాకు చెప్పుండ్రి! ఇత్తులు ఏరుకుంట. గద్వాల హకీం సాబ్ అడుగుతుండు."

"బావి గురించి మాట్లాడుతుంటే దీనికి ఇత్తులు!" అన్నాడు నబీ సాబ్.

"బావిల నీళ్ళు పడ్తయో లేవో. ఇత్తులైతే కండ్ల ముందట ఉన్నయి" అంది తాజ్‌బీ.

ఇంటికొచ్చి నాయినకు చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి పోయాడు. వదిన కంచం తీస్తూ నా వైపు చూసింది.

తెల్లవారి నాయిన ఉతికిన రుమాల చుట్టుకొని, చేతికర్ర పట్టుకొని బయలుదేరాడు. నేను వెనకాల పోయాను. నబీ సాబ్ అప్పటికే గట్టు దగ్గర ఉన్నాడు. కింద పల్లంలో గొబ్బి ఒక మంచమంత మేర గుబురుగా పూసి ఉంది. నాయిన కర్రతో మొక్కల మొదట్లో గుచ్చాడు. కర్ర మూరెడు దిగింది. బయటికి తీసి కొసను చూశాడు. తర్వాత వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అది మాదీ కాదు, వాళ్ళదీ కాదు. నబీ సాబ్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఎవరి చేను వాళ్ళు చూసుకున్నారు.

"పొద్దుగాల మోట నీదా, నాదా?" అన్నాడు నాయిన.

"నీళ్ళు పడనియ్యి బుచ్చన్నా ముందుగాల."

"పడ్డంక అడిగితె లడాయి అయితది. ఇప్పుడే చెప్పు."

నబీ సాబ్ గడ్డం గోక్కున్నాడు. "పొద్దుగాల నీది, మాపటికి నాది. శుక్రారం నమాజుకు పోత. ఆ మాపుగూడ నువ్వే కొట్టుకో."

"సోమారం నేను ఎద్దుల మెడ మీద కాడి పెట్ట. ఆనాడంత నీదే."

"గట్లనే."

"గట్లనే" అని నాయిన లేచి దుమ్ము దులుపుకున్నాడు. రెండేళ్ళ కిందటి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

*

తాజ్‌బీ చేతులకు గుడ్డ చుట్టుకొని ముళ్ళ మధ్య నుంచి విత్తులన్నీ దులుపుకుంది. ఆ మధ్యాహ్నమే తవ్వకం మొదలైంది. తిరుపతయ్య మనుషులతో పాటు అన్న దిగాడు, నబీ సాబ్ కొడుకులిద్దరూ దిగారు. నేను పైనుండి తాడు లాగాను. రెండో రోజుకు నా అరచేతులు బొబ్బలెక్కాయి. అన్న చూసి, "నాలుగు రోజులైతె చేతులు మనుషుల చేతులైతయి తమ్మీ" అన్నాడు.

మొదటి ముద్ద తడిగా వచ్చింది. తడి ముద్ద చూసి సంబరపడే ధైర్యం మాకు లేదు. నేను దాన్ని విరిచి, చిదిమి, మళ్ళీ చిదిమి చూశాను.

"ఏం దేవులాడుతున్నవు చిన్న పటేలా?" అన్నాడు తిరుపతయ్య.

"ఏం లేదు" అన్నాను. కుంకుడు తొక్క లేదు.

రెండోదీ తడిగానే వచ్చింది. మూడోది ఇసుక కలిసి ఇంకా చల్లగా ఉంది. పండుగ వచ్చింది, పోయింది. ఉగాది పచ్చడి తాగామో లేదో నాకు గుర్తు లేదు. బుధవారానికి మూడున్నర నిలువులు. చేతికి తడి తగులుతోంది, నీళ్ళు మాత్రం లేవు. తడి చూపించి మేస్త్రిని ఆపలేం. మేస్త్రి గుంపు పోయి, ఎండిన బావి మిగిలితే ఎండాకాలమంతా ఏం తినాలి?

గురువారం పొద్దున పశువుల కొట్టంలో తట్టను అన్న వెల్లకిలా తిప్పాడు. గుడ్లు తీసి పక్కన పెట్టి, గడ్డి దులిపి, అందులో రెండు చీరలు, ఒక బొంత, గిన్నె సర్దాడు. వదిన చూస్తూ నిలబడింది. ఏడో నెల కడుపు ఇప్పుడు దాచినా దాగడం లేదు.

కురుమయ్య మేస్త్రి బండి మా చేను దగ్గరే ఆపాడు. వెనక ఇంకో నాలుగు బండ్లు, వాటిలో జోడీలు, కుండలు, పిల్లలు.

"మద్దిలేటీ! ఎక్కుండ్రి, ఎండ ముదురుతుంది."

"ఒక్క తట్ట పైకి రానియ్యి మేస్త్రీ" అన్నాడు అన్న. "నాలుగో నిలువు అడుగుది."

"దానికేమైతదిరా, మట్టే గద" అంటూ మేస్త్రి బండి దిగి గట్టు దగ్గరికి వచ్చాడు. నేనూ నబీ సాబ్ చిన్న కొడుకూ తాడు లాగాం. తట్ట బరువుగా వచ్చింది, అంచుల నుంచి కారుతూ. తిరుపతయ్య గుప్పెడు తీసి చుట్టి మూడో ముద్ద పక్కన పెట్టాడు.

ముద్ద నిలవలేదు. మెల్లగా జారి, పక్కలకు ఒరిగి, గట్టు మీద అట్టులా పరుచుకుంది. తిరుపతయ్య దాన్ని మళ్ళీ రెండు చేతులతో కూడగట్టి చుట్టి పెట్టాడు. అది మళ్ళీ పరుచుకుంది.

కురుమయ్య ముప్పై ఏళ్ళుగా మట్టి తవ్వించిన మనిషి. వంగి ఆ బురదలో బొటనవేలు పెట్టి చూశాడు. గుంతలో నుంచి ఎవరో, "తాడు దించుండ్రి, కాళ్ళు మునుగుతున్నయి" అని అరిచారు.

"ఇగ నాతోని నీకేం పనిరా" అన్నాడు మేస్త్రి అన్నతో. పోయి బండెక్కి ఎద్దులను అదిలించాడు.

అన్న ఇంటి వైపు నడిచాడు, వెనకే నాయినా నేనూ. తట్టలో సర్దిన చీరలు, బొంత తీసి అరుగు మీద పెట్టి, ఒట్టి తట్టను తెచ్చి తిరుపతయ్యకు ఇచ్చాడు. "తట్టలు తక్కువున్నయి గద, తీస్కో" అన్నాడు.

వదిన గడప మీద కూర్చుంది. రెండు కాళ్ళూ చాపుకొని, తల వెనక్కి తలుపుకు ఆనించి. మామ ఎదురుగా నిలబడి ఉన్నాడన్న ధ్యాస కూడా లేదు. నాయిన చూసి, మెల్లగా అటు తిరిగి నిలబడ్డాడు.

*

వదినకు ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింది. అమ్మ, తాజ్‌బీ కలిసి పురుడు పోశారు. వానలకు మా మొదటి గుంత నిండింది. దానికి బియ్యే బావి అని పేరు స్థిరపడిపోయింది. ఇప్పటికీ మా ఊళ్ళో దారి అడిగితే, "బియ్యే బావి కాడ ఎడమ పక్కకు మళ్ళు" అంటారు.

నాకు నాగర్‌కర్నూలులో బడిపంతులు నౌకరీ వచ్చింది. మరుసటి మాఘంలో సెలవు పెట్టి ఇంటికి పోయాను. ఇంటి పక్కన కొత్తగా రాతి గోడ కనబడింది. తలుపుకు తడక, లోపల ఒక చదును రాయి, బయటికి చిన్న కాలువ. ఎవరు కట్టారని అన్నను అడిగాను.

"నాయిన. ఒక్కడే కట్టిండు. ఎందుకని ఎవరు అడగలే, ఆయన చెప్పలే."

నాయిన మనవరాలిని చంకనేసుకొని నన్ను చేను చూడ రమ్మన్నాడు. ఆ గోడ దాటుతుంటే ఆగాడు. కాలువ కొసన, తడి ఆరని చోట, మూడు నీరుగొబ్బి మొక్కలు పూసి ఉన్నాయి. లోపల ఎవరో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు.

నాయిన కర్రతో ఆ మొక్కలను చూపించాడు. ముఖంలో నవ్వు లేదు.

"ఏం బియ్యే? ఈడ తవ్వుదమా?"

గోడ వెనక నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. క్షణం తర్వాత వదిన నవ్వు వినబడింది. మామ వింటున్నాడని తెలిసే, గట్టిగా.